కాటా గదిలో కదిలిన బాణం

ప్రొద్దుటూరు,
జనవరి 21, మంగళవారం.

మామకు వందనాలు.

నువ్వు ఫోనెత్తవు. ఎత్తినా లారీ హారన్ల మధ్య "ఆఁ? ఏందీ?" అనడం తప్ప మాట ముందుకు సాగదు. పైగా "ఫోన్లో చెప్పింది గాల్లో పోతాది, రాసింది ఉంటాది" అని నీ సిద్ధాంతం ఒకటి. సరే, నీ దారికే వచ్చాను. మంగళవారం, శుక్రవారం మన రైతు సంఘం వ్యానులో తిరిగే తపాలు సంచిలో తూకం చీటీలతో పాటు ఇక నా ఉత్తరాలూ వస్తాయి.

మొన్నటి సంగతి నా వైపు నుంచి విను. పులివెందులలో నీ లారీ కాటా కంప్యూటరు మొరాయించిందని కబురొస్తే, ముద్దనూరు మీదుగా రెండు గంటలు బస్సులో నిలబడి వచ్చాను. తెర మీద చిన్న పెట్టె. అందులో 'ఓకే' అని ఒక మీట. నొక్కాను. అయిపోయింది! "దాన్ని ముట్టుకుంటే ఏమవుతాదో అని ముట్టుకోలేదు పాపా" అన్నావు నువ్వు, ఏదో పుణ్యకార్యం చేసినవాడిలా. మళ్ళీ రెండు గంటలు నిలబడి వెనక్కి వచ్చాను. ఇంటికొచ్చాక అమ్మతో "నీ తమ్ముడి సంగతి ఇదీ" అని చెబితే, నన్నే తిట్టింది.

సంఘానికి తొమ్మిది కాటాలు, తొమ్మిది కంప్యూటర్లు. చూసేది నేనొక్కదాన్ని. మా మేనేజరు అవినాష్ గారు ఇక పట్టు పట్టారు. చీనీ బత్తాయిల రద్దీ మొదలయ్యేలోపు ఒక రిమోటు సాఫ్ట్‌వేరు ఎంచి తొమ్మిదింటికీ పెట్టాలట. అంటే ఇక్కడ నేను మౌసు కదిపితే, అక్కడ నీ తెర మీద బాణం గుర్తు కదులుతుంది. నేను బస్సెక్కకుండా నీ 'ఓకే' నేనే నొక్కుతాను.

మూడు సాఫ్ట్‌వేర్లు ఏరి పెట్టుకున్నాను. పరీక్షకు ఒక కాటా కావాలి. నీదే ఎంచుకున్నాను, ఎందుకంటావా? నీకు అర్థమైందంటే ఇక జిల్లాలో ఎవరికైనా అర్థమవుతుంది.

కోపం తెచ్చుకోకు.
తబిత


పులివెందుల,
జనవరి 31, శుక్రవారం.

కోడలా, దీవెనలు.

నీ ఉత్తరంలో అక్షరదోషాలు నాలుగు. ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపుతున్నాను. ఇంజనీరింగు చదివిన పిల్ల 'వ్రాత'కు ఇంత కరువొచ్చిందా అని మీ అత్త బాధపడింది.

నీ మొదటి సాఫ్ట్‌వేరు సంబరం చెబుతాను. బుధవారం నువ్వు చెప్పినట్టే తెరిచి కూర్చున్నాను. బాణం దానంతటది కదిలింది. అది తప్పు దారిన పోతున్నట్టనిపించి, పాపం దారి చూపిద్దామని మౌసు పట్టుకున్నాను. నేను ఎడమకు లాగితే అది కుడికి, నేను కుడికి లాగితే అది పైకి. ఒకే కాడికి రెండెద్దుల్ని చెరో దిక్కుకు కట్టి తోలినట్టయింది. ఇంతలో నువ్వు ఫోన్లో "మామా, చెయ్యి తియ్ మామా!" అని అరిచావు. నేను చెయ్యి తీసేలోపు ఆ లంకె దానంతటదే తెగిపోయింది. ఉచితంగా ఇచ్చేది ఐదు నిమిషాలకు ఇలాగే తెగుతుందని తర్వాత చెప్పావు. దాన్ని జాబితాలోంచి కొట్టెయ్.

కాటా సంగతి ఒకటి గుర్తుంచుకో. శెనక్కాయల మిల్లులో ఇరవై రెండేళ్లు, ఇక్కడ తొమ్మిదేళ్లు తూకం పట్టినవాణ్ణి. నా కాటాలో తెర కిటికీ వైపు తిరిగి ఉంటుంది, రైతు చూడాలని. తూకం నేను పైకి చదువుతాను, రైతు తిరిగి పలుకుతాడు, "సరే అప్పా" అంటాడు. అప్పుడే చీటీ అచ్చవుతుంది. టన్నుకింత అని తరుగు కోసే దళారుల బాధ పడలేకనే కదా రైతులు ఈ సంఘం పెట్టుకున్నది? ఆ "సరే అప్పా" మీదే ఇది నిలబడింది. నీ బాణం దాని మధ్యలోకి రాకూడదు.

మీ మామ,
సత్యానందం


ప్రొద్దుటూరు,
ఫిబ్రవరి 11, మంగళవారం.

మామా, వందనాలు.

ఈ ఉత్తరంలో తప్పులు దొరికితే చెప్పు, రెండుసార్లు చదువుకుని మరీ పంపుతున్నాను.

రెండోదాన్ని జమ్మలమడుగు శెనగల గోడౌనులో పరీక్షించాను. అక్కడి కాటా మీద హఫీజా ఉంటుంది కదా, చురుకైన పిల్ల. ఈ సాఫ్ట్‌వేరు ఏం చేస్తుందంటే, అవతలి తెర మీద ఒక తొమ్మిదంకెల నంబరు, ఒక సంకేతపదం చూపిస్తుంది. అవి నాకు చెబితేనే నేను లోపలికి రాగలను. బాగుంది కదా? హఫీజా ఫోన్లో ఆ నంబరు నాకు గట్టిగా చదివింది. గోడౌనంతా వినపడేలా చదివింది. హమాలీల మేస్త్రీ గౌస్ మొహిద్దీన్ భాయ్ అలవాటు నీకు తెలుసు, నంబరు వినిపిస్తే చాలు సుద్దముక్క తీసి గోడ మీద లారీ నంబర్ల కింద రాసేస్తాడు. దీన్నీ రాసేశాడు. సంకేతపదంతో సహా! రెండు రోజుల తర్వాత నేను వెళ్తే ఆ గోడ ముందు నలుగురు డ్రైవర్లు నిలబడి "ఈ బండి యాడిది, ఇంగా రాలేదే" అని మాట్లాడుకుంటున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మూడోదానికి ఎవరూ ఏదీ చెప్పక్కర్లేదు. ఒకసారి పెట్టేస్తే నేను ఎప్పుడంటే అప్పుడు, అవతల మనిషి ఉన్నా లేకపోయినా లోపలికి వెళ్లొచ్చు. కావాలంటే అవతలి తెరను నల్లగా చేసి పని చేసుకోవచ్చు. మన పల్లె నెట్టుకు కూడా బాగా నడుస్తోంది. అవినాష్ గారు దీన్ని చూసి కుర్చీలోంచి లేచారు. "ఇదే! రైతులకు కనపడదు, గొడవ ఉండదు" అన్నారు.

నువ్వేమంటావు?
తబిత


పులివెందుల,
ఫిబ్రవరి 21, శుక్రవారం.

తబితకు,

తప్పులు రెండే. బాగుపడుతున్నావు.

నువ్వు అడిగావు కనుక చెబుతున్నాను. వద్దు. ఎవరింటికి పోయినా వాకిట్లో నిలబడి "అమ్మా, ఉండారా?" అని పిలుస్తాం. లోపలివాళ్లు "రాండి" అన్నాకే చెప్పులు విడుస్తాం. అడక్కుండా వంటింట్లోకి వచ్చేది పిల్లి ఒక్కటే. మీ మేనేజరుకు కనపడకపోవడం మేలుగా తోచింది, నాకు అదే కీడుగా తోస్తోంది. కనపడనిది జరుగుతోందని రైతుకు ఒక్కసారి తెలిస్తే చాలు.

ఇక్కడ వేంపల్లె వైపు నుంచి వచ్చే ఆదినారాయణ అని ఒక రైతున్నాడు. పదెకరాల చీనీ తోట, పెద్ద కుటుంబం, పెద్ద నోరు. దళారుల చేతిలో దెబ్బ తిన్నవాడు కాబట్టి తన నీడను కూడా తూకం వేయించి నమ్ముతాడు. మొన్న కాటా పక్కన బల్లి కూసినా "ఏందది? ఏందా సప్పుడు?" అని అడిగాడు. అలాంటివాడు నా తూకానికి తొమ్మిదేళ్లుగా "సరే అప్పా" అని బదులు పలుకుతున్నాడంటే, ఆ మాట సంపాదించడానికి నాకు ఎంత కాలం పట్టిందో ఆలోచించు.

సూటిగా అడుగుతున్నా. ఆ మూడోది నా కాటాలో పెడతావా, పెట్టవా? జవాబు రాయి.

మామ


ప్రొద్దుటూరు,
మార్చి 4, మంగళవారం.

మామా,

పనిలో ఊపిరాడటం లేదు, అందుకే పొట్టి ఉత్తరం. పోయిన శుక్రవారం నీ ప్రింటరు మార్చడానికి వచ్చినప్పుడు కంప్యూటరులో చిన్న చిన్న మార్పులు కొన్ని చేశాను, నువ్వు పట్టించుకోకు. సాఫ్ట్‌వేరు సంగతి ఇంకా ఆలోచిస్తున్నాం. అత్త పంపిన గోంగూర పచ్చడి అమోఘం, ఆఫీసులో అందరూ నా టిఫిన్ డబ్బా మీద కన్నేశారు. ఎండలు ముదిరాయి, మజ్జిగ బాగా తాగు.

తబిత


పులివెందుల,
మార్చి 14, శుక్రవారం.

తబితా,

దీవెనలు రాయడానికి ఈరోజు చెయ్యి రావడం లేదు.

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఆదినారాయణ లారీ కాటా ఎక్కింది. ఆ వేళకు నేను అన్నానికి పోతానని నీకు తెలుసు. ఆరోజు లారీ ఆలస్యమైంది, నోట్లో ముద్దతోనే తిరిగొచ్చాను. ఎండకు అతను, డ్రైవరు క్యాబిన్లోనే కూర్చున్నారు. తెర మీద 12,460 కిలోలు. నేను పైకి చదివాను. అతను లారీలోంచే తిరిగి పలికాడు. నా చెయ్యి మౌసు మీద లేదు, నీళ్ల చెంబు మీద ఉంది. అప్పుడు బాణం కదిలింది. దానంతటది తెర మీది తూకం బొమ్మను కిందికి దించేసింది. ఇంకేదో తెరిచింది, ఏదో మార్చింది. కిటికీ దగ్గర పదిమంది చూస్తున్నారు. "రేయ్, అదేందిరా! యెవురో తూకం మారుస్తాండారు!" అని ఒకరు అరిచారు. ఆదినారాయణ, డ్రైవరు ఇద్దరూ కిందికి దూకి కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. అంతలో తూకం బొమ్మ పైకి వచ్చింది. 12,320.

నూట నలభై కిలోలు! వాళ్ల కళ్లముందే!

"సత్తెనందం, నువ్వు గూడానా?" అన్నాడు ఆదినారాయణ. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నాకేమీ తెలియదని చెప్పాను. నా కాటా గదిలో నాకు తెలియకుండా ఏదైనా జరుగుతుందంటే ఎవరు నమ్ముతారు? సాయంత్రానికి అవినాష్ గారు ఫోను చేసి, విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు. ముప్పై ఒక్క ఏళ్లలో నన్ను తూకం దగ్గర నుంచి లేపినవాడు లేడు. నిన్న అంగట్లో పాలు తేవడానికి పోతే ఇద్దరు మాట ఆపి నన్ను చూశారు. నీకది చెలగాటమైతే నాకు ప్రాణసంకటమైంది.

నాకు ఉపన్యాసం వద్దు. ఆ బాణం నీదా, కాదా? ఒక్క మాట రాయి.

సత్యానందం


ప్రొద్దుటూరు,
మార్చి 18, మంగళవారం.

మామా,

నాదే.

ఆ ఒక్క మాట రాయడానికి మూడు కాగితాలు చించాను. నువ్వు సూటిగా అడిగినప్పుడు గోంగూర పచ్చడి గురించి రాసిన దాన్ని నేను. ప్రింటరు మార్చిన రోజే మూడోది నీ కంప్యూటరులో పెట్టాను. నువ్వు వద్దంటావని తెలిసే, చెప్పకుండా పెట్టాను. అవినాష్ గారు తొందరపెట్టిన మాట నిజమే, కానీ దాచిపెట్టమని ఆయన చెప్పలేదు. ఆ తెలివి నాది. బుధవారం నుంచి తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. నువ్వు ఫోను ఎత్తవని నాకు నేనే సాకు చెప్పుకున్నాను.

చీటీల మీద తేదీ తప్పు పడుతోందని హెడ్డాఫీసులో గమనించాను. ఒంటిగంటన్నరకు నువ్వు అన్నానికి పోతావు కదా, నిమిషంలో సరిచేద్దామనుకున్నాను. తూకం బొమ్మ తెరిచే ఉంది. అందులో అంకె కూడా చూడకుండా, మూసేయడం మరిచిపోయావులే అనుకుని కిందికి దించాను. అవతల లారీ ఉందా, మనిషి ఉన్నాడా అని అడగలేదు. ఆ సాఫ్ట్‌వేరుకు అడగక్కర్లేదు కదా, అందుకని నేనూ అడగలేదు. తేదీ మార్చాను, బొమ్మను పైకి తెచ్చాను, బయటికి వచ్చేశాను. అంకె ముట్టుకోలేదు మామా. ఆ నూట నలభై ఎట్లా తగ్గిందో నాకు తెలియదు.

కానీ అందులో ఒక మేలు ఉంది. నేను లోపలికి వచ్చిన ప్రతిసారీ ఏం చేశానో సినిమాలా రికార్డవుతుంది. నా బాణం ఎక్కడెక్కడ తిరిగిందో అంతా ఉంది. అవినాష్ గారి ముందు అన్నీ ఒప్పుకున్నాను. సోమవారం పులివెందుల యార్డులో రైతుల ముందు అది వేసి చూపిస్తాను. నువ్వు నా పక్కన ఉంటే నాకు ధైర్యం. నీ కాళ్లు పట్టుకుని అడుగుతున్నా, క్షమించు.

తబిత


పులివెందుల,
మార్చి 21, శుక్రవారం.

తబితా,

నాదే అని రాశావు. చాలు. కన్నీళ్లు పడి ఆ కాగితం మీద సిరా చెదిరింది, అవి నీవో మీ అత్తవో తెలియదు, ఇద్దరూ ఒకటే.

సోమవారం నేను రాను. నేను పక్కన నిలబడితే మేనకోడలు మామ కోసం మాట్లాడుతోందంటారు. నా పేరు కోసం కాదు, నువ్వు చేసింది చెప్పడానికి పో. నాకు క్షమాపణ చెప్పకు. ఆ తూకం ఆదినారాయణది. ఆయన్ని అడుగు.

అక్షరదోషాలు లేవు.

మామ


ప్రొద్దుటూరు,
మార్చి 25, మంగళవారం.

మామా, వందనాలు, వందనాలు, వంద వందనాలు!

నువ్వు రాకపోవడమే మంచిదైంది, వచ్చుంటే నవ్వు ఆపుకోలేక నీ పెద్దరికం పోయేది.

యార్డులో అరవై మంది దాకా వచ్చారు. ముందు నేను చేసింది చేసినట్టు చెప్పాను. ఎవరికీ చెప్పకుండా సాఫ్ట్‌వేరు పెట్టింది నేను, సత్యానందం గారికి తెలియదు, బాణం నాది అని. తర్వాత టీవీకి కలిపి ఆ సినిమా వేశాను. ఆదినారాయణ గారు ముందు వరసలో చేతులు కట్టుకుని చూశారు. అయిపోయాక "బాగుండాది పాపా. ఇది నువ్వు నిన్న తీసిన సినిమా కాదని నేనెట్ల నమ్మాల?" అన్నారు. రుజువు చూపలేనని ఒప్పుకున్నాను.

అప్పుడు వెనక నుంచి ఈశ్వరమ్మ అని ఒకామె లేచింది. ఆరోజు ఆమె చీనీ బండి ఆయన వెనకే వరసలో ఉందట. "ఆదినారాయణప్పా, ఆ పొద్దు నువ్వు యాడుండావు? లారీలో కూచోనుండావు కదా. అరుచుకుంటా దిగితివి, డ్రైవరూ దిగె. మీ ఇద్దురూ దిగినాంక బరువు తగ్గదా, పెరుగుతాదా?" అంది.

ఎవరో ఈల వేశారు. ఆమె వదల్లేదు. "మాటలెందుకు, ఎక్కిచ్చండి" అంది. అక్కడున్న ఒక ఖాళీ లారీని కాటా మీదికి తెచ్చారు. ఆదినారాయణ గారిని, ఆయన డ్రైవర్ని క్యాబిన్ ఎక్కించి తూచారు. దించి తూచారు. నూట నలభై! సరిగ్గా నూట నలభై! డ్రైవరేమో పుల్లలా ఉంటాడు, కాబట్టి అందులో ఎవరి వాటా ఎంతో అరవై మందికీ తెలిసిపోయింది. ఆదినారాయణ గారు కండువాతో మొహం తుడుచుకుని, "సరే, నవ్వింది చాలు" అన్నారు. నువ్వు తూకం పట్టే చోట నీకు ఈ ముక్క ఎందుకు తట్టలేదు మామా? కోపంలో ఉన్నావులే.

కానీ ఆయన అంతటితో పోనివ్వలేదు. నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "తూకం సరే. నువ్వు సెప్పకుండా లోపలికి రావడం ఏంది? రేపు ఇంగొకడు వస్తాడు. అప్పుడు నూట నలభైకి మనిషి దిగుండడు" అన్నారు. తప్పయింది, క్షమించండి అన్నాను. ఆయన కండువా భుజాన వేసుకుని తిరిగి వెళ్లి కూర్చున్నారు.

ఆ మాట మీద గంటసేపు చర్చ. చివరికి తేల్చింది ఇది. ఆ సాఫ్ట్‌వేరులోనే 'లోపలికి వచ్చే ముందు అడగాలి' అని ఒక టిక్కు ఉంది. దాన్ని తీసేసింది నేనే. ఇప్పుడు తొమ్మిది చోట్లా ఆ టిక్కు పెట్టాలి. తెర నల్లగా చేసే సౌకర్యం పూర్తిగా ఆపేయాలి. నేను వస్తానని అడిగితే తెర మీద 'అనుమతించు', 'వద్దు' అని రెండు మీటలు వస్తాయి. వాటిని నొక్కేది కాటా మనిషి కాదు, అప్పుడు ఎవరి సరుకు కాటా మీద ఉందో ఆ రైతు. ఇది ఈశ్వరమ్మ మాట. అవినాష్ గారు "ఆలస్యమవుతుంది కదమ్మా" అని గొణిగితే, "అయితే కానీప్పా" అన్నారు అరవై మందీ.

నువ్వు రేపటి నుంచి నీ కుర్చీలో కూర్చోవచ్చు. కాదు, కూర్చోవాలి. అందరూ అదే అడిగారు.

నీ కోడలు,
తబిత


పులివెందుల,
ఏప్రిల్ 4, శుక్రవారం.

కోడలా, దీవెనలు.

కుర్చీలో కూర్చునే రాస్తున్నాను. నా తలకు నూట నలభై తట్టకపోవడం గురించి మీ అత్త రోజూ రెండు పూటలా గుర్తుచేస్తోంది కాబట్టి నువ్వు మళ్ళీ రాయనక్కర్లేదు.

నిన్న నువ్వు ఆరుసార్లు ఫోను చేశావు. ఎత్తలేదు. భయపడి ఉంటావు. ఏం జరిగిందో చెబుతాను.

పొద్దున పదకొండుకు ప్రింటరు చీటీని సగం అచ్చేసి ఆగిపోయింది. నీకు కబురు పెట్టాను. కాటా మీద ఉన్నది ఆదినారాయణ లారీ. ఈసారి ఆయన దిగి, చెప్పులు విడిచి, కిటికీ బయట కాదు, గదిలోకి వచ్చి తెర ముందు నిలబడ్డాడు. నువ్వు అడిగావు. రెండు మీటలు వచ్చాయి. ఏది దేనికో నేను చదివి వినిపించాను. ఆయన వేలు కాసేపు గాల్లోనే ఉంది. ఆ తర్వాత 'వద్దు' నొక్కాడు.

ఇంకా కోపం తీరలేదు, మళ్ళీ గొడవే అనుకున్నాను. ఆయనేమో కుర్చీ లాక్కుని కూర్చుని, చేతులు కట్టుకుని, రెప్ప వేయకుండా ఆ బాణం వైపే చూశాడు. వెనక నాలుగు లారీలు హారన్లు కొడుతున్నాయి. ఈశ్వరమ్మ కిటికీలోంచి "ఏందప్పా, ఈడ్నే కాపురం పెడతాండావా?" అంటోంది. నా ఫోను మోగుతోంది, నువ్వే. ఎత్తబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. పది నిమిషాలు అలాగే చూశాడు. బాణం ఇసుమంత కూడా కదల్లేదు.

అప్పుడు నా వైపు తిరిగాడు. "సత్తెనందం, వద్దంటే నిజంగానే రాలేదప్పా!" అన్నాడు. ముప్పై ఏళ్ల నుంచి సరుకు అమ్ముతున్నాడట. వద్దంటే ఆగినవాణ్ణి చూడటం ఇదే మొదటిసారట. కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు, చెమట అన్నాడు.

తర్వాత లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, "ఆ పాపను మల్లా అడగమను. ఈ తూరి రమ్మంటా" అన్నాడు.

మామ